కుమటా కార్డులు

మా పెదనాన్న సుబ్రాయ హెగ్డేకు కనుమ పైన హొసతోటలో నాలుగెకరాల వక్కతోట ఉండేది. కనుమ కింద, సముద్రపు ఒడ్డున కుమటాలో, ఆయన స్నేహితుడు విఠోబా శానుభాగు ఉప్పు వ్యాపారం చేసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పంతులు దగ్గర దెబ్బలు తిని అక్షరాలు నేర్చుకున్నారు. ఆ తరువాత ముప్పై ఏళ్లలో నాలుగుసార్లు కలుసుకున్నారేమో. ఉత్తరాలు మాత్రం నెల తప్పలేదు. వక్క ధర, ఉప్పు ధర, కోడలి పురుడు, గేదె ఈనడం, పంటి నొప్పి, అన్నీ ఒకే కాగితం మీద రాసుకునేవారు.

పావు అణా పోస్టు కార్డులు వచ్చిన ఏడు విఠోబా కవర్లు మానేశాడు.

"ఇదేం ఉత్తరం? మొలగుడ్డ లేకుండా ఊరంతా తిరిగొచ్చింది," అన్నాడు పెదనాన్న మొదటి కార్డు చూసి.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వారానికోసారి తపాలా తెచ్చే గణపకు కార్డు చేతిలో ఉంటే నోరు ఊరుకోదు. వక్కలు ఒలిచే పందిట్లో చతికిలబడి పైకే చదివేసేవాడు.

ఆ రోజుల్లోనే పెదనాన్న కూతురు భాగీరథికి కుమటా దగ్గరి హొన్నావరం నుంచి సంబంధం ఒకటి వచ్చింది. కుర్రవాణ్ణి చూసి రమ్మని పెదనాన్న విఠోబాకు రాశాడు. జవాబు కార్డు మీదే వచ్చింది. "పిల్లవాడు బుద్ధిమంతుడు. కానీ పొద్దు వాలితే గోడ తడుముకుంటూ నడుస్తున్నాడు. రేచీకటి అనుకుంటాను. ఆలోచించుకో."

కుర్రవాడి మేనమామ నారణ భట్టుది మా పక్కిల్లే. కార్డు ఇంకా ఇల్లు చేరకముందే ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా హెగ్డే, మా మేనల్లుడు గుడ్డివాడని ఊరంతా చాటిస్తావా?"

"నేను చాటించడమేంటి? నేనింకా ఆ కార్డు మొహమే చూడలేదు!"

"నువ్వు చూడకముందే మా పాలేరు నాకు చెప్పాడు. సిగ్గుండాలి!"

సంబంధం తప్పింది. దానికి పెదనాన్న బాధపడలేదు. ఇంటి సంగతి రచ్చకెక్కిందని మాత్రం కుమిలిపోయాడు. విఠోబాకు జవాబు రాయడం మానేశాడు.

"ఆయన మీ పరువు తీశాడా, మన పిల్లను కాపాడాడా?" అంది పెద్దమ్మ.

"రెండూ చేశాడు," అని తోటలోకి వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. విఠోబా కార్డులు మాత్రం ఆగలేదు. ఉప్పు బస్తా ఎంత పలికిందో, భార్య రుక్మిణికి జ్వరం ఎలా తిరగబెట్టిందో, గంజి ఎప్పుడు తాగిందో ఊరికి తెలుస్తూనే ఉంది. వక్కలు ఒలిచే ఆడవాళ్లు పెదనాన్నను వదిలిపెట్టలేదు.

"హెగ్డే మావా, పాపం, ఆ తల్లికి ఇంకా నెమ్మదించలేదట. ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుంది?"

"మీ పని మీరు చూసుకోండమ్మా," అనేవాడు.

భాద్రపదంలో ఒక రోజు గణప పందిట్లో ఆగలేదు. వానలో తడుస్తూ నేరుగా ఇంటికి వచ్చి కార్డు చేతిలో పెట్టాడు.

"ఏం గణపా, ఇవాళ గొంతు పోయిందా?"

"మీరే చదువుకోండి అయ్యా," అన్నాడు వాడు తల వంచుకుని.

మూడు ముక్కలే ఉన్నాయి. "రుక్మిణి సోమవారం పోయింది. గిడ్డంగిలో ఉప్పు చెమ్మకు కరుగుతోంది. నువ్వెలా ఉన్నావు?"

మర్నాడు తెల్లారకముందే పెదనాన్న తాటాకు గొడుగు పట్టుకుని కనుమ దిగాడు. జలగలు కరిచిన కాళ్లతో మూడో రోజు కుమటా చేరాడు. విఠోబా గుండుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంత వానలో వచ్చావేంట్రా, పిచ్చోడా!"

"కార్డు అందింది."

"ముందువి అందలేదా?"

"అన్నీ అందాయి. ఊరంతా చదివింది, నేనూ చదివాను. కోపమొచ్చి రాయలేదు."

"కోపమొచ్చిందని రాసి చావొచ్చుగా! నువ్వు పోయావేమో అనుకున్నాన్రా. ఎలా ఉన్నావని అడగడానికి భయమేసి, ఉప్పు సంగతులు రాస్తూ కూర్చున్నాను."

పెదనాన్న గొడుగు గోడకు ఆనించాడు. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

పదమూడో రోజు దాకా అక్కడే ఉన్నాడు. మైల ఇల్లు కనుక పెరటి పాకలో తన వంట తానే వండుకుంటూ, గిడ్డంగిలో తడిసిన బస్తాలు పక్కకు తీయించాడు. మరుసటి ఫాల్గుణంలో భాగీరథికి యల్లాపురం కుర్రవాడితో పెళ్లయింది. విఠోబా రెండు బస్తాల ఉప్పుతో వచ్చి నాలుగు రోజులున్నాడు. నారణ భట్టు రాలేదు.

విఠోబా ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. ఆయన పోయాక ఆయన కొడుక్కి పెదనాన్న రెండు ఉత్తరాలు రాశాడు. ఆ కుర్రవాడు మర్యాదగానే జవాబిచ్చాడు గానీ, ఉప్పు ధర తప్ప మరేమీ రాయలేదు. మూడోది పెదనాన్న రాయలేదు.