ఎల్లేశం సర్ఫేస్ డ్యూటీ

ఎల్లేశానికి చీకటంటే గౌరవం. బొగ్గుబాయిలో దిగిన తొలినాడు అది అతని పేరడగలేదు, ఇంటిపేరడగలేదు, ముఖమైనా చూడలేదు. టోపీ దీపం ఎటు తిప్పితే అటు పిడికెడు వెలుగు, మిగిలినదంతా నల్లని నీళ్లలా నిశ్చలం. అక్కడ నవ్వినా ఎవరికీ కనబడదు, ఏడ్చినా అంతే. తట్టా, చెమ్మస్ పారా పట్టి బొగ్గు టబ్బులు నింపిన ఆ కాలమంతా పైన తిరిగేవాళ్ళను తలచుకుని జాలిపడేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జాలి పులిసి ఏవగింపయింది.

"పైనోళ్ళకు ఏం పనిరా? ఒకల మొకం ఒకలు సూసుకునుడే," అనేవాడు కల్లు ముంత పక్కన పెట్టి.

అలాంటివాడి కాలనీకి సర్కారు ఇంటర్నెట్ వచ్చింది. మంచిర్యాల రైలు కూత గాలివాటుగా వినిపించే ఆ క్వార్టర్ల మధ్య కందకం తవ్వారు. అతని భార్య మల్లక్క పెంచుకున్న చిక్కుడు పందిరిని పీకి దాని కింద పైపు పరిచారు. గల్లీ మలుపుల్లో ఇనుప స్తంభాలు నిలబెట్టి వాటి నెత్తిన కెమెరాలు బిగించారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ఇంటింటికీ ఇంటర్నెట్, గల్లీగల్లీకి రక్షణ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఖర్చేముంది?

"నల్లాల నీళ్ళు రావు గని, కంబాలకు కండ్లు మొలిచినయ్," అని ఎల్లేశం స్తంభం మొదట్లో ఉమ్మేశాడు.

అయినా ఇంట్లోకి ఆ తీగ రానే వచ్చింది. డిగ్రీ అయిన కూతురు రేవతి పరీక్షలకు పాఠాలు వినాలంటే నెట్ కావాలి. కనెక్షన్ క్వార్టరు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. ఆధార్ నంబరు, బాయి హాజరు పట్టీలోని మస్టర్ నంబరు, ఆపైన ఇంట్లో అందరి ముఖాలు. రేవతి అతన్ని గడపలో కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పట్టింది.

"బాపూ, ఎడమకు తిరుగు. ఇగ కుడికి. జర పైకి సూడు."

"జాతరల మేకను తిప్పినట్టు తిప్పవడితివి గదనే!"

"మేక గింత లొల్లి చెయ్యది బాపూ," అంది రేవతి, లోపలున్న మల్లక్కకు నవ్వు వచ్చేలా.

ఆ ఏడాదే బాయిలో కప్పు పెళ్ళ విరిగి ఎల్లేశం వీపు మీద పడింది. మనిషి బతికాడు, నడుము బతకలేదు. మెడికల్ బోర్డు అతన్ని పూర్తిగా అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం రేవతికి వస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు. ఆ ఇంట్లో అన్నం ఉడికినా, కుక్కర్ కూత వేసినా ఆ ఒక్క మాట కోసమే అన్నట్టుండేది. బోర్డుకు పిలుపు వచ్చింది. దానికి ముందు మొహర్రం పీరీల పండుగ వచ్చింది.

ఎల్లేశం తాత పీరి ఎత్తినవాడు, తండ్రి ఎత్తినవాడు. రేవతి పురిట్లో నీలంగా మారి ఊపిరాడక కొట్టుకున్నప్పుడు, బిడ్డ దక్కితే తన కాళ్ళు ఆడినంత కాలం ఎత్తుతానని అతను మొక్కాడు.

"ఈసారికి ఎత్తకు బాపూ. బోర్డు అయిపోనీ. పీరు ఏమనుకోడు," అని రేవతి బతిమాలింది.

"ఎత్తను బిడ్డా. ఊదు పట్టి పక్కకు నిలవడ్త, గంతే."

నిలబడ్డాడు కూడా. పొద్దు వాలుతోంది. డప్పులు వేడెక్కి మోగుతున్నాయి. గుండంలో నిప్పులు ఎర్రని పూలతోటలా విచ్చుకున్నాయి. రంగు గుడ్డల దట్టీలు కట్టిన పీరి అతని ముందుకు రాగానే, ఊదు పొగలో ఎవరో పిలిచినట్టయింది. ఎత్తుకున్నవాడి చేతుల్లోంచి దాన్ని అందుకున్నాడు. విరిగిన వెన్ను వెదురులా లేచి నిలిచింది. గుండం చుట్టూ తిరిగాడు, ఎగిరాడు, జనం అస్సోయ్ దూలా అని అరిచారు. పీరి చేయి మారగానే సందులోకి నడిచి అక్కడ కూలిపోయాడు. మంచం మీద మోసుకుని ఇంటికి తెచ్చారు. మళ్ళీ బోర్డుకు తీసుకుపోయేటప్పుడే మంచం దిగాడు.

కాలనీ పాత క్లబ్బులో ఉంది కెమెరాల గది. అక్కడ అరుణ్‌కుమార్ అనే కుర్రాడు సమోసా నములుతూ గోడ నిండా జనాన్ని చూస్తుంటాడు. ఆ పండుగ సాయంత్రం తెర మీద ఎగురుతున్న మనిషి ముఖం చుట్టూ పచ్చ గీత గీసుకుని, నెట్ కనెక్షన్ నాడు పట్టిన ముఖంతో పోల్చి మిషనే పేరు చెప్పింది, మస్టర్ నంబరు చెప్పింది. అరుణ్‌కుమార్ ఆ ముక్క కత్తిరించి బొగ్గుబాయి సెక్యూరిటీ ఆఫీసర్ సంతోష్‌రావుకు పంపాడు. సంతోష్‌రావు తాతలకు గడీ ఉండేదట. దాని మేడ కిటికీలోంచి ఊళ్ళో ఎవడు చెప్పులేసుకు నడిచాడో చూసేవారట. గడీ కూలింది. మనవడికి గోడెడు కిటికీలు సర్కారే పెట్టించి ఇచ్చింది.

బోర్డు బల్ల మీద ఎక్స్‌రే కవరు మూసే ఉంది. సంతోష్‌రావు ట్యాబ్ మాత్రం తెరిచి ఉంది.

"ఇది నువ్వేనా?" అన్నాడు డాక్టరు.

"మొకం నాదే సార్. ఎగిరింది నేను గాదు."

"మరెవరయ్యా?"

"పీరు సార్. పీరు మీదికొచ్చినప్పుడు మన నడుం మనది గాదు."

ఇంతకన్నా నిజం అతనికి తెలియదు. ఆ గదిలో ఇంతకన్నా పనికిరానిదీ లేదు. సంతోష్‌రావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

"అయితే పీరుకే డ్యూటీ ఇద్దాం డాక్టర్ గారూ. ఏ షిఫ్టు కావాల్నో అడుగుండ్రి."

డాక్టరూ నవ్వాడు. చదువుకున్న నవ్వు, పళ్ళు కనబడని నవ్వు.

"ఎగిరింది సూసిండ్రు. పడ్డది సూడలే? మంచం మీద మోసుకపోయింది లేదా దాంట్ల?"

"ఆ సందులో కెమెరా లేదు."

"కెమెరా లేకుంటే నేను పడలేదా దొరా?"

డాక్టరు పెన్ను మూత తీశాడు. అండర్‌గ్రౌండ్‌కు అన్‌ఫిట్, సర్ఫేస్‌కు ఫిట్ అని రాశారు. రేవతి ఉద్యోగం ఆ రెండో మాట కింద పడి నలిగిపోయింది. సర్ఫేస్‌లో అతనికిచ్చిన డ్యూటీ కెమెరాల గదిలో కాపలా.

ఇంట్లో రేవతి ఏడవలేదు. "నేను పుట్టిన మొక్కు తీర్చినవ్ బాపూ. ఇగ నేను బతికేదానికి ఎవ్వలకు మొక్కాలె?" అని మాత్రం అంది. ఆ ముఖం ఫోనుకు తిప్పించింది నువ్వే గదా అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని బొగ్గు కళ్ళెలా మింగేశాడు.

చీకటిని నమ్మినవాడిని తెరల ముందు కూర్చోబెట్టారు. అక్కడ మనుషులు చేపల్లా ఇటునుంచి అటు ఈదుతుంటారు. అరుణ్‌కుమార్ అతనికి పని నేర్పాడు.

"ఎవ్వలన్న గుంపు గూడితే నాకు చెప్పాలె కాకా. గా తిరుమల పోరిని సూడు, మల్ల బ్యాంకు కాడికే వోతుంది. గీ ముసలోడు గోడకు నిలవడి..."

"నీకు అక్కచెల్లెండ్లు లేరారా?"

"వాళ్ళు వేరే కెమెరాల వస్తరు కాకా," అని కుర్రాడు పకపకా నవ్వాడు. ఎల్లేశం అతన్ని, చెప్పుకు అంటినదాన్ని చూసినట్టు చూశాడు.

ఆ మర్నాడు పొద్దున బస్టాపు తెర మీద రేవతి కనబడింది. భుజాన బ్యాగు, పక్కన మల్లక్క. కరీంనగర్‌లో చీరల దుకాణంలో పని దొరికిందని, అక్కడే హాస్టల్లో ఉంటానని రాత్రి తల్లికి చెప్పడం అతను విన్నాడు. తనతో చెప్పలేదు. చూస్తుండగానే బిడ్డ ముఖం చుట్టూ పచ్చ గీత బిగుసుకుంది. కింద పేరు, క్వార్టరు నంబరు, తండ్రిగా అతని పేరు.

"కాకా, మన రేవతి గాదూ! బ్యాగు పట్టింది, ఏడికి పోతుందో? జర దగ్గరికి గుంజి సూద్దామా?"

ఎల్లేశం కుర్చీ పట్టుకుని లేచాడు. నొప్పి కాళ్ళదాకా దిగింది. నడిచివెళ్ళి వీపు తెరకు ఆనించి నిలబడ్డాడు.

"జరుగు కాకా, కనవడ్తలేదు."

"కనవడది."

"బస్సొచ్చేటట్టున్నది కాకా!"

"రానీ."

వెనక తెరలో బస్సు వచ్చిందో, రేవతి ఎక్కిందో, మల్లక్క కొంగు కళ్ళకు ఒత్తుకుందో అతనికీ తెలియదు. తెలుసుకోవాలని తిరగలేదు. అరుణ్‌కుమార్ మౌసు విసిరేసి ఫోను తీశాడు.

"సంతోష్‌రావు సార్‌కు చెప్తా మరి."

"చెప్పురా. నడుం బాగనే నిలవడ్డదని గూడ చెప్పు."