ముందుగా నవ్వే మనిషి

మా అమ్మాయి రాసి తీసిన కామెడీ సీరియల్ మళ్ళీ వస్తోంది... ఆపేసిన సీరియల్‌ను ఇంకో ఛానెల్ వాళ్ళు తీసుకున్నారు. వచ్చే సోమవారం సాయంత్రం నుంచి మొదలు. ఎవరికి ముందు చెప్పాలో తెలియక అందరికీ ఒకేసారి ఇక్కడ చెబుతున్నాను. నా చదువు అయిదో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకోండి.

సంతోషం పట్టలేకుండా ఉన్నాను... కానీ సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఈ భయం నాకు కొత్తది కాదు...

మా చిన్నప్పుడు... మా నాయన పగటివేషాలు వేసేవాడు. మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాళ్ళం. ఒక ఊళ్ళో దిగితే రోజుకొక వేషం. ఆఖరి రోజు మామూలు బట్టల్లో గడప గడపకూ పోతే, జనం చేటలతో జొన్నలో సజ్జలో పోసేవారు. ఆ గింజలే మా బతుకు.

వేషం నాయనదే అయినా, అమ్మకూ ఒక పని ఉండేది. ఊరి ఆడవాళ్ళ మధ్య ఏమీ ఎరగనట్టు నిలబడేది. నాయన మొదటి మాట అనగానే పకపకా నవ్వేది. ఎన్నిసార్లు విన్నా ఆమెకు నిజంగానే నవ్వొచ్చేది. ఆ నవ్వు వింటేనే జనానికి ఇది వేషమని తెలిసేది... ఇక ఊరు ఊరంతా నవ్వేది.

అప్పుడే కొత్తగా రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. రోజుకో పుకారు... దేనిమీద పన్ను వేస్తారో, ఏది పట్టుకుపోతారో అని. నాయన ఆ పుకార్లన్నీ కలిపి ఒక కొత్త వేషం కట్టాడు. మేకల ఆఫీసరు. ఖాకీ చొక్కా, టోపీ, కళ్ళద్దాలు, చేతిలో కొలత టేపు. వెనక సంచి మోసే బంట్రోతును నేను.

అర్ధవీడు దగ్గర ఒక ఊళ్ళో ఆ వేషం మొదటిసారి వేశాడు. ఆ రోజు అమ్మకు జ్వరం, గుడారంలో పడుకుంది. "రేపు పోదువులే, నేను లేస్తా" అంది. నాయన ఆగలేదు.

మేకలు కాసుకునే ఒక అవ్వ దొడ్డి ముందు నిలబడ్డాం. జనం మూగారు. నాయన ఒక మేక తోక కొలిచాడు. కొమ్ములు కొలిచాడు. మేక అరిచింది. నాయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఏందవ్వా ఇది? రాజధాని హైదరాబాదుకు పోయింది. నీ మేకలు ఇంకా కర్నూలు అరుపే అరుస్తా ఉండాయి" అన్నాడు.

నవ్వు కోసం చూశాను... ఎవరూ నవ్వలేదు.

అవ్వ చేతులు జోడించింది. "మూగజీవాలు సామీ... నేర్పిస్తాం. నాలుగు దినాలు గడువియ్యి."

ఆమె కూడా ఆటలో కలిసిందనుకున్నాడు నాయన. "నేర్వకపోతే మందంతా జప్తు" అన్నాడు.

జనం ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. తలుపులు మూసుకున్నాయి... వెనక సందుల్లో మందలు కొండవైపు ఉరుకుతున్న గిట్టల చప్పుడు. ఆ కొండలో చిరుతలు తిరిగేవి. నాయన టోపీ తీసి, "నేనమ్మా, వేషగాన్ని" అని గొంతు చించుకుని అరిచాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పొద్దు వాలేసరికి మందలు తిరిగొచ్చాయి... అవ్వ మేకపిల్ల ఒకటి రాలేదు.

కర్రలు పట్టుకుని మగవాళ్ళు మా గుడారం దగ్గరికి వచ్చారు. నేను అమ్మ దుప్పట్లో దూరాను. కొడతారనే అనుకున్నాను. "నవ్వించనీకి వచ్చినోడివి, నా గుండె ఆపేస్తివి కదరా" అని అవ్వ ఏడ్చింది.

బడి అయ్యవారు అడ్డం వచ్చాడు. "కొట్టాకండి. ఇంత తెలివైన వేషం నేనేడా చూడలేదు."

"మరి మీరన్నా నవ్వలేదేంది అయ్యవారూ? ఎదురుగ్గా అరుగు మీదే ఉంటిరి కదా" అన్నాడు నాయన.

"లోపల నవ్వుకున్నాలే."

మునసబు ఒకటే మాట అన్నాడు. "తెలివి సంగతి అట్ల ఉంచు. ఈ వేషం ఇంకేడా వెయ్యాకు."

వాళ్ళు పోయాక అమ్మ పక్కన నాయన కూలబడ్డాడు. "ఇంత తెలివైన వేషం గదా... నువ్వు లేకపోయినా నవ్వుతారనుకుంటి."

అమ్మ కళ్ళు మూసుకునే అంది. "తెలివైన దానికే నేను కావాల. కోతి వేషానికి నేనెందుకు?"

మాకంటే ముందే ఆ కబురు పక్క ఊళ్ళకు పోయింది. నాయన ఖాకీ చొక్కా మడిచి పెట్టె అడుగున పెట్టాడు. మళ్ళీ తీయలేదు... ఆ యేడు మేము కోతి వేషంతోనే గడుపుకొచ్చాం.

మా అమ్మాయి సీరియల్ కూడా అట్లాంటిదే. పేపర్లలో ఎంత మెచ్చుకున్నారో... చూసేవాళ్ళు లేరని పాత ఛానెల్ వాళ్ళు ఆపేశారు. మధ్యమధ్య నవ్వుల చప్పుడు కలపమంటే ఒప్పుకోలేదు. "దొంగ నవ్వు నాకొద్దు నాయనా. ఇండ్లల్లో వాళ్ళే నవ్వాల" అని నాతో అంది. ఈసారీ కలపలేదట. మెచ్చుకున్నవాళ్ళంతా ఆ అయ్యవారి మాదిరే లోపల నవ్వుకుంటే మళ్ళీ ఏమవుతుందో...

అప్పుడు నవ్వు వీధిలో పుట్టి ఇంటింటికీ పోయేది... ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళు. ఒకరు నవ్వితే పక్కవాళ్ళకు వినపడదు.

మీ ఇంట్లో ముందుగా నవ్వే మనిషి ఎవరో నాకు రాయండి... సోమవారం వాళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టండి.

ఇది చదివిన మావాళ్ళు కబురు చెప్పాల్సింది వీళ్ళకు... పొదిలిలో మా చిన్నాయన కొడుకు సుబ్బయ్యకు. కురిచేడులో మేనకోడలు లక్ష్మికి, వాళ్ళ అత్తగారికి. మార్కాపురం తమ్ముడికి, వాడి ముగ్గురు కోడళ్ళకూ. గిద్దలూరు బావకు... ఆయన అర్థం కాకపోయినా నవ్వుతాడు, తప్పకుండా ఉండాలి. ఆఖరున కంభంలో మా పెద్దక్కకు... ఆమెకు చెవులు సరిగా వినపడవు, పక్కన ఎవరైనా కూర్చుని మాటలు గట్టిగా చెప్పండి. ఆమె నవ్వు అచ్చం అమ్మదే.