చిన్నమ్మ పుట్టిలో చెరువు చుట్టూ

రోడ్డు వేసేచోట డాంబరు కాగుతుంటే అందరూ ముక్కు మూసుకుని నడుస్తారు, నేను మాత్రం ఒక్క నిమిషం ఆగి గుండెనిండా పీల్చుకుంటాను, ఎందుకంటే నాకది మా సవారమ్మ చిన్నమ్మ పుట్టి వాసన. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున బస్తాగుడ్డ కప్పి, పైన డాంబరు పూసిన గుండ్రటి పడవ అది. గద్వాల దగ్గర కృష్ణ నడుమ దీవిలో పెరిగిన చిన్నమ్మ, మా చిన్నాయనను చేసుకుని బిజినేపల్లి పక్కన మెట్ట ఊరైన మా ఊరికి వస్తూ, మంచంతో, బిందెలతో పాటు దాన్నీ ఎడ్లబండి మీద బోర్లించి తెచ్చుకుంది. మోకాలిలోతు నీళ్ళు చూస్తేనే చెప్పులు చేతబట్టుకుని వెనక్కి తిరిగే మావాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

వానాకాలం చివర మా చెరువు నిండితే చూడడానికి రెండు కళ్ళూ చాలేవి కావు. వాగు వచ్చి కలిసే పైవైపున మనిషెత్తు జమ్ము గడ్డి, దాని సందుల్లో తుంగ, నీటికోళ్ళ అరుపులు, గుంపుగా ఎర్రగా మెరిసే కొర్రమీను పిల్లలు. గట్టు మీద కూర్చుని జొన్నరొట్టెలో నువ్వులపొడి అద్దుకు తింటూ పొద్దుగూకేదాకా చూసేవాళ్ళం. ఆ జమ్మును ఆనుకునే మా చేను. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో, నీళ్ళు వెనక్కిపోయిన జాగాలో మన్ను పోసి చేలను ముందుకు జరపడం అటువైపు రైతులకు అలవాటైంది. మా తాత మాత్రం తక్కువ తిన్నాడా, ఆయనా బండ్లతో మన్ను తోలించి జమ్ములో కుప్పలు పోయించాడు. అంతలో చెరువు నిండింది. నీళ్ళు తగ్గగానే జమ్ము మీద పరిచి చదును చేయాలని ఆయన ఆలోచన.

చిన్నమ్మ చూస్తూ ఊరుకోలేదు. జమ్ము పోతే చేప గుడ్డు పెట్టే చోటుండదని, వాగు మన్నంతా చెరువులోకే దిగుతుందని చెప్పి చూసింది. ఎవరూ చెవిన పెట్టలేదు. దాంతో సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున్నే రొట్టె, బెల్లం నలిపి చేసిన గంపెడు మలీద ముద్దలతో, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెరువు చుట్టూ ఉన్న ఊళ్ళకు పుట్టిలో బయల్దేరింది. రేవు రేవున ముద్దలు పంచి, ఇద్దరిద్దరిని ఎక్కించుకుని జమ్మంతా తిప్పి చూపించింది. పుట్టికి ముందూ వెనకా ఉండవు, ఎక్కినవాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చోవలసిందే, ఒకరు ఒరిగితే అందరికీ మునకే. పొలం గెట్టు తగాదాతో మాటలు మానుకున్న ఇద్దరు కూడా ప్రాణభయంతో ఒకరి చేతులొకరు పట్టుకున్నారు, ఒడ్డున జనం పడీపడీ నవ్వారు.

చివరికి మా రేవుకు వచ్చి తాతను పిలిచింది.

"మామా, జర పుట్టెక్కు. నీ చేను నీళ్ళలకెల్లి ఎట్ల కనపడ్తదో సూద్దువు."

"నాకు ఈత రాదు బిడ్డా."

"నేనున్న కద. నడుమ కూసో, కదలకు."

తాత ధోవతి ఎగ్గట్టి, ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకుని ఎక్కాడు. కదలొద్దన్నా అంచు పట్టుకున్నాడు, పుట్టి బొంగరంలా రెండు చుట్లు తిరిగింది. జమ్ము లోపలికి వెళ్ళాక చిన్నమ్మ తెడ్డు ఆపింది. వంగిన జమ్ము మీద గూట్లో నీటికోడి పొదుగుతోంది, మేమంత దగ్గరికి వచ్చినా గుడ్ల మీంచి లేవలేదు. దాని పక్కనే, సగం మునిగి, తాత పోయించిన మన్ను కుప్ప. తాత గూటినీ కుప్పనూ మార్చి మార్చి చూశాడు.

"దీని మీదికా నేను మన్ను తోల్దామనుకున్నది" అన్నాడు.

చిన్నమ్మ తెడ్డు అందుకుంది. నీళ్ళు తగ్గాక తాత ఆ కుప్పలన్నీ ఎడ్లతో లాగించి చేలో పోయించాడు. ఆ రోజు మా చిన్నమ్మ అంతటి మనిషి ఈ లోకంలో లేదనిపించింది, ఇప్పటికీ అంతే.

ఈ ఏడు బతుకమ్మకు ఊరికి వెళ్ళాను. కల్వకుర్తి లిఫ్టు నీళ్ళతో చెరువు నిండుగా ఉంది, కళ్ళు చల్లబడ్డాయి. కానీ పైవైపున అటూ ఇటూ చేలు నీళ్ళలోకి జరిగిపోయి, ప్లాట్ల హద్దురాళ్ళు లేచాయి. కొర్రమీను గుంపు ఒక్కటీ కనిపించలేదు. మిగిలిన జమ్మంతా సరిగ్గా మా చేను వెడల్పే. తాతా లేడు, చిన్నాయనా లేడు. అరవై దాటిన చిన్నమ్మ ఇంకా పుట్టి ఎక్కి బడిపిల్లలను తిప్పుతూనే ఉంది. పిల్లలు లేని ఆమె ఆ చేను నాకే ఇస్తానంటోంది.

"కొంటమని దినాం వస్తున్నరు. అమ్మనని చెప్తున్న. రేపు నిన్నడిగితే ఏమంటవ్?" అంది.

"నేను గూడ గదే చెప్త చిన్నమ్మా" అన్నాను.

మరో మాట అడగకుండా నమ్మేసింది. అందుకే నా మీద నాకే భయం వేసింది.