భోజనాల లైన్లో ర్యాప్

రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తలకిందులవుతాయన్న భయంతో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని ప్రభుత్వ ఆఫీసులు మాలాంటి ప్రోగ్రామర్లను గుంపులుగా పిలిపించుకున్న రోజులవి. నా పక్క సీటతను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే పొద్దంతా రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసేవాడు. నాది తెనాలి. అతనిది కర్నూలు జిల్లాలో నాపరాళ్ల గనులున్న ఊరు, ముస్లిం కుటుంబం. ఊరి అంచున గంగాలిన్‌లో, ఇంకా చెట్లు కూడా మొలవని కొత్త వీధిలో ఇద్దరం కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

అతను వినేది అట్లాంటా, హ్యూస్టన్ కుర్రాళ్ల ర్యాప్. ఒకసారి వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ చెప్పాడు.

"న్యూయార్కోళ్లు వీళ్ల యాస జూసి నవ్వినారంట అన్నా, మీరు మమ్మల్ని జూసి నవ్వినట్లే. వీళ్లు యాస మార్చుకోల్యా. దాంతోనే పాడి గెలుస్తాండారు."

తనూ తెలుగులో అలా పాడాలనుకున్నాడు. సరదాకి కాదు, బతుకంతా అదే చేయాలని. నేను నవ్వాను. అది మెచ్చుకుంటూ నవ్విన నవ్వు కాదు.

ఆ ఏడు ఉగాదికి ఊళ్లో ఉన్న తెలుగువాళ్లమంతా ఒక స్కూలు హాలు తీసుకున్నాం. పాటలు, డాన్సుల బాధ్యత నాది. అతను తనకూ పది నిమిషాలు కావాలన్నాడు. స్థానిక రేడియోలో కుర్రకారు కార్యక్రమం నడిపే ఒకావిడ వినడానికి వస్తోందట. నచ్చితే స్టూడియోకి పిలుస్తుందట.

"ఇస్తాలే. కాకపోతే కాస్త మంచి తెలుగులో పాడు."

"మంచి తెలుగంటే మీదా?"

"అందరికీ అర్థమయ్యేది."

"సరే అన్నా" అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. స్టేజీ మీద ప్రతి మాటా వార్తలు చదువుతున్నట్టు పలికాడు. పాట నడవలేదు. ముందు వరసలో కూర్చున్న మా సంఘం ప్రెసిడెంటు అంకుల్ వెనక్కి తిరిగి, "ఏంటయ్యా ఈ గోల, పండగ పూట?" అన్నాడు. కాస్త ఆగండి అంకుల్ అనాల్సింది. వచ్చే ఏడు కూడా నేను కమిటీలో ఉండాలి, ఆయన మొహం మాడకూడదు. నా బుర్రలో అదొక్కటే ఉంది. రెండో మైకు తీసుకుని, "భోజనాలు రెడీ, అందరూ రండి" అన్నాను.

ఆ మాట చెవిన పడ్డాక మనవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టగల కళాకారుడు ఇంతవరకూ పుట్టలేదు. హాలంతా కుర్చీల చప్పుడు. అతను చరణం మధ్యలో ఆగిపోయాడు. రేడియో ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

బయట లైను కార్ పార్కు దాకా సాగి ఆగిపోయింది. ఎంతకీ కదలదు. అతను స్టేజీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. ఖాళీ గిన్నె ఒకటి బోర్లించి దాని మీద దరువు వేస్తూ, ఈసారి తన యాసలోనే ఎత్తుకున్నాడు.

"నాపరాళ్ల ఇంట్లో పుట్నోణ్ణి, నల్ల తెర ముందర కూసున్నోణ్ణి,
మే నెల ఎండకు బెదరనోణ్ణి, మీ మే నెల చలికి వణికినోణ్ణి!"

లైను వదిలితే చోటు పోతుంది. ఎవరూ కదల్లేదు. నంద్యాల ఆంటీ ఒకామె ప్లేటు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. "మా పక్క పిల్లోడే! ఇంగోసారి అను నాయనా!" తెలుగులో ఒక్క మాట మాట్లాడించలేకపోయిన మావాళ్ల పిల్లలు "అగైన్! అగైన్!" అని గంతులేశారు. రేడియో ఆవిడ వాళ్ల మధ్యకు వచ్చి అర్థం అడిగితే, ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఇంగ్లీషులో చెప్పారు.

"వీడు ఇందాక ఇలా పాడలేదేం?" అన్నాడు ప్రెసిడెంటు అంకుల్. నాకు తెలుసు. చెప్పలేదు.

పైగా ఆ తర్వాత కనపడిన ప్రతివాడితో "స్టేజీ ఎక్కించింది నేనే" అని చెప్పుకున్నాను. అతను తర్వాత మెల్‌బోర్న్, సిడ్నీ సభల్లో పాడాడు, సొంతంగా సీడీలు వేశాడు. ఇప్పటికీ పాడుతున్నాడు. అక్కడివాళ్లు ఎవరైనా నన్ను అతని గురువనుకుంటే నేను కాదనలేదు కూడా. ఇన్నాళ్లకైనా ఆ లెక్క సరిచేయాలని ఇది రాస్తున్నాను.

అతనికి మాత్రం ముందే చెప్పేశాను. రేడియో ఆవిడ పిలుపుతో మొదటి పాట పాడే రోజు అతనికి కారు లేక నేనే దింపాను. స్టూడియో ముందు ఇంజను ఆపి, స్టీరింగు వదలకుండా అన్నాను.

"ఆ రోజు భోజనాలు రెడీ కాలేదు. నీ పాట ఆపడానికే అలా అన్నాను."

"తెల్సులేన్నా. అన్నం ఉడకలేదని లైన్లోనే తెలిసిపాయ." తలుపు తీస్తూ నవ్వాడు. "ఉడికింటే నా పాట ఎవరు వినింటారు?"

నాకు నవ్వు రాలేదు. క్షమించమన్నాను. అతను నవ్వు ఆపాడు.

"శానా బాధయిందన్నా ఆ పొద్దు," అన్నాడు. తర్వాత, "లోపలికి రా. బుర్రకథలో వంతలుండరా? నేనొక మాటంటే నువ్వు ఎనకాల అందుకో."

"నీ యాస నాకు రాదుగా."

"నీ యాసలోనే అను. మార్చొద్దు."

లోపల ఎర్రదీపం వెలిగింది. అతను మొదలుపెట్టాడు. నా వంతు రాగానే అందుకున్నాను.