నలభై మూడు టెస్టులు, ఒక్క ప్లగ్గు

2006 వేసవి. ఏలూరు ఆర్.ఆర్.పేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. ఆరుగురం మనుషులం, ఏడు కంప్యూటర్లు, మూలన ఒక పెద్ద యూపీఎస్. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చిపోతూ పనిచేస్తున్న నాకు అప్పటికి పది నెలల అనుభవం. నా పని రివ్యూ. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రామునీ, దాన్ని పరీక్షించే టెస్టులనీ వరసగా చదవడం. బాగుంటే సంతకం పెట్టాలి. బాగోకపోతే ఎందుకు బాగోలేదో కాగితం మీద రాయాలి.

మేం తయారుచేస్తున్నది ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రాం. ఈ మాట చెబితే బంధువులు నవ్వేవారు. "దానికి ఇంజనీరు దేనికి? విండోస్‌లో ఉందిగా!" ఉంది. కానీ మధ్యలో కరెంటు పోతే అది మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మా ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంటుంది. వేసవిలో మా వైపు కరెంటు ఎన్నిసార్లు పోయేదో తెలిసినవాళ్ళకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మొదటి కస్టమరు కరీముల్లా గారు. తాడేపల్లిగూడెంలో వీడియో స్టూడియో. కొల్లేటి లంక గ్రామాల్లో పెళ్ళిళ్ళకి కెమెరాని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని పడవలో వెళ్ళే మనిషి. టేపు మీద తీసిన పెళ్ళిని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడి నుంచి పెద్ద డిస్కులోకి కాపీ చేసి, ఆ టేపు మీదే తర్వాతి పెళ్ళి తీసేవారు. గంట టేపు పదమూడు గిగాబైట్ల దాకా వస్తుంది. అంతకు ముందు ఏడాది ఒక కాపీ మధ్యలో చెడిపోయింది. ఆ సంగతి తెలిసేసరికి టేపు మీద ఇంకో పెళ్ళి ఉంది.

"ఆ పెళ్ళికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదండీ," అని మా ఆఫీసులో కూర్చుని చెప్పారాయన. "భోజనం పెట్టి పంపించాడు. తిట్టుంటే బాగుండేది."

ప్రోగ్రాం రాసింది మా యజమాని సత్యనారాయణ గారు. టెస్టులు రాసింది రూత్ గారు, నాకన్నా రెండేళ్ళు సీనియరు. ఇంట్లో అందరూ టీచర్లే కాబట్టి ఎదుటివాళ్ళ తప్పు ఎర్ర సిరాతో దిద్దడం ఆవిడకి అలవాటు. తన పని మరొకరు దిద్దడం మాత్రం అలవాటు లేదు. ఆటోమేటెడ్ టెస్టు అంటే మనిషి కూర్చుని చూడకుండా ఒక ప్రోగ్రామే మరో ప్రోగ్రామును పరీక్షించడం. పాసైతే తెర మీద పచ్చ గీత, ఫెయిలైతే ఎర్ర గీత. రూత్ గారివి నలభై మూడు టెస్టులు. ఖాళీ ఫైలు, పెద్ద ఫైలు, చదవడానికి అనుమతి లేని ఫైలు, డిస్కు నిండిపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా కాపీ మధ్యలో ఆగిపోవడం. నలభై మూడూ పచ్చగా ఉన్నాయి.

నా నోట్‌బుక్కులో మొదటి అభ్యంతరం ఒక చిన్న విషయం. టెస్టు కోసం ఆవిడ తయారుచేసిన పెద్ద ఫైళ్ళ నిండా సున్నాలే.

"త్వరగా తయారవుతుందని అలా పెట్టానండీ. సైజు కావాలి గానీ లోపల ఏముంటే ఏంటి?"

"కాపీలో ఏదైనా ముక్క రాయకుండా పోతే, ఆ ఖాళీలో మనకి కనిపించేవీ సున్నాలేనండీ. అసలు ఫైల్లోనూ సున్నాలే కాబట్టి రెండూ సరిపోయాయని మీ టెస్టు పచ్చ గీత వేసేస్తుంది."

ఆవిడ కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. గంటలో ఫైళ్ళన్నీ మార్చేశారు. ఫైల్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకు నిండా దాని నెంబరే రాశారు. మళ్ళీ నడిపాం. నలభై మూడూ పచ్చ.

కుర్చీ నా వైపు తిప్పారు. "ఇప్పుడేమంటారండీ, ఎగ్జామినరు గారూ?"

సత్యనారాయణ గారు తన గది గుమ్మంలోంచే, "సోమవారం కరీముల్లా గారికి ఇస్తానని మాటిచ్చాను. సంతకం పెట్టేయండి శ్రీనివాస్," అన్నారు. ఒక్క రోజు గడువు అడిగాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

కారణం మర్నాడు పదకొండింటికి దొరికింది. కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. చొక్కా వీపుకి అంటుకుంటుంటే నేను రూత్ గారి తెర వైపు చూస్తున్నాను. టెస్టులు నడుస్తూనే ఉన్నాయి. 'మధ్యలో ఆగిన కాపీ: పాస్.' 'మధ్యలో ఆగిన కాపీ, రెండోసారి: పాస్.' కరెంటు పోయినా చెక్కు చెదరదని మేం అమ్మబోతున్న ప్రోగ్రాం. కరెంటు పోయింది. మా టెస్టులకి ఆ సంగతే తెలియదు.

"రూత్ గారూ, కాపీని మధ్యలో ఎలా ఆపుతున్నారు?"

"ప్రోగ్రాముని చంపేస్తానండీ. మళ్ళీ లేపుతాను. ఇంకెలా ఆపుతారు?"

అక్కడే ఉంది చిక్కు. మనం ఫైల్లో రాసింది వెంటనే డిస్కు మీదికి పోదు. కాసేపు మెమరీలో ఆగుతుంది. ఆ చోటుని క్యాష్ అంటారు. ఆఫీసులో గుమాస్తా మన కాగితం తీసుకుని, "అయిపోయింది, వెళ్ళండి" అని సొరుగులో పెట్టుకున్నట్టు. రిజిస్టర్లో ఎక్కించేది తర్వాత. ప్రోగ్రాముని చంపడమంటే కాగితం ఇచ్చిన మనిషిని బయటికి గెంటడమే. గుమాస్తా ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, నిదానంగా ఎక్కించేస్తాడు. కరెంటు పోతే గుమాస్తాతో సహా సొరుగు మాయమవుతుంది. పైగా విండోస్ వాడే ఫైల్‌సిస్టం, అంటే డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే వ్యవస్థ, ఫైలు పొడవుని ముందే జాగ్రత్తగా రాసుకుంటుంది. లోపలి సరుకు అందకపోయినా పొడవు ఉంటుంది. మా ప్రోగ్రామేమో ఆ పొడవు చూసే "ఇంతవరకు అయింది" అని ముందుకు పోతుంది.

ఇదంతా నా ఊహే. రుజువు కావాలంటే నడుస్తున్న కంప్యూటరు ప్లగ్గు పీకాలి.

"డిస్కు పాడైతే?" అన్నారు సత్యనారాయణ గారు.

నేను నోరు తెరిచేలోపే రూత్ గారన్నారు: "నా టేబులు కింద పాతది ఒకటి ఉందండీ సార్. గోడ సాకెట్లో పెడదాం. ప్లగ్గు నేనే పీకుతాను."

పీకారు. తెర నల్లబడింది. మళ్ళీ వేశాం. విండోస్ డిస్కుని తనిఖీ చేసుకుని నింపాదిగా లేచింది. మా ప్రోగ్రాం ఆగిన చోటు నుంచి అందుకుని, చివర్న 'కాపీ పూర్తయింది' అని ధీమాగా చెప్పింది. పోల్చి చూసే టెస్టు నడిపాం. ఎర్ర గీత. రెండు వందల పన్నెండో బ్లాకు తర్వాత పదహారు మెగాబైట్ల మేర సున్నాలు. ఆ తర్వాత మళ్ళీ అంతా సవ్యంగా ఉంది.

"అమ్మో," అన్నారు రూత్ గారు. నేను మాత్రం టేబులు మీద గట్టిగా ఒక్కటి చరిచాను. పది నెలల్లో నేను చూసిన అతి అందమైన ఎర్ర గీత అది.

పదిసార్లు పీకితే ఏడుసార్లు ఎరుపే. పదహారు మెగాబైట్లంటే ఆ వీడియోలో నాలుగున్నర సెకన్లు. తాళి కట్టడానికి అంతకన్నా ఎక్కువ పట్టదు.

సత్యనారాయణ గారు నేను రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివారు. "నా కోడే కదా. కాస్త జరగండి," అని నా కుర్చీలో కూర్చున్నారు. ముందు కరీముల్లా గారికి ఫోన్ చేసి గడువు అడిగారు. "పర్లేదండీ. కానీ ఎందుకు ఆపారో వచ్చి చెప్పాలి," అన్నారట ఆయన.

మార్పులు మూడు. ప్రతి ముక్క రాశాక 'ఇప్పుడే డిస్కు మీదికి ఎక్కించు' అని విండోస్‌ని నిలదీయడం, దీన్ని ఫ్లష్ అంటారు. అది అయ్యాకే ఎంతవరకు వచ్చామో విడిగా గుర్తు రాసుకోవడం. తిరిగి మొదలుపెట్టినప్పుడు పొడవుని నమ్మకుండా ఆ గుర్తు నుంచి ఒక ముక్క వెనక్కి వెళ్ళి సరిచూసుకోవడం. కాపీ కొంచెం నెమ్మదించింది. ఇరవై అయిదుసార్లు ప్లగ్గు పీకాం. ఇరవై అయిదూ పచ్చ. చివరి అయిదూ పీకింది సత్యనారాయణ గారే, చిన్నపిల్లాడిలా.

గురువారం ఉదయం ముగ్గురం గూడెం వెళ్ళాం. జరిగింది దాచకుండా చెప్పాం. కరీముల్లా గారు కంప్యూటరు తీగని యూపీఎస్ నుంచి గోడ సాకెట్లోకి మార్చి, ముందురోజు తీసిన పెళ్ళి కాపీకి పెట్టి, తనే మూడుసార్లు మెయిన్ ఆపారు. కాపీ అయ్యాక కుర్చీ వేసుకుని పెళ్ళంతా చూశారు. ఎక్కడా తునక పోలేదు.

"బాగుందండీ," అన్నారాయన. "ఇప్పుడు పాతది పెట్టండి."

సత్యనారాయణ గారు తడబడ్డారు. "పాతదెందుకండీ, అందులో తప్పుంది కదా!"

"అదే చూడాలండీ. మూడుసార్లు ఆపితే మీ కొత్తది బతికింది. పాతది కూడా బతికేదేమో, నాకేం తెలుసు?"

నేను ప్రతి వెర్షన్నీ తేదీ వేసి సీడీలో ఉంచుతాను. తీసి పెట్టాను. ఆయన మెయిన్ ఆపారు. తిరిగి లేచాక చూస్తే కాపీ చక్కగా ఉంది! కరీముల్లా గారు పకపకా నవ్వారు. "ఏం బాబూ, ఇదీ బంగారంలా ఉందిగా?" పదిలో మూడుసార్లు బాగానే వస్తుందని నా కాగితం చెబుతోంది. కానీ ఆ నవ్వు ముందు కాగితం ఏం నిలుస్తుంది! "ఇంకొక్కసారి ఆపండి," అన్నాను.

ఆపారు. మళ్ళీ నడిచింది. 'కాపీ పూర్తయింది.' ఆయన తెర మీద వేలు పెట్టి పెళ్ళి చూస్తున్నారు. పెళ్ళికూతురు జీలకర్ర బెల్లం పట్టుకున్న చెయ్యి పైకెత్తింది. తెర నల్లబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బొమ్మ తిరిగి వచ్చేసరికి చెయ్యి పెళ్ళికొడుకు తల మీద ఉంది, చుట్టూ అందరూ అక్షింతలు వేస్తున్నారు.

కరీముల్లా గారు నవ్వలేదు. ఆ ముక్క వెనక్కి తిప్పి రెండోసారి చూశారు. తర్వాత కొత్త ప్రోగ్రాంతో వచ్చిన కాపీలో అదే చోటు చూశారు. చెయ్యి పైకి లేచింది, తల మీదికి వెళ్ళింది. లేచి, పక్కనున్న ఆ పెళ్ళి టేపే తీసుకుని కెమెరాలో పెట్టారు. "ఇవాళ సాయంత్రం ఉంగుటూరులో పెళ్ళుందండీ. దీని మీదే తీస్తాను." ఆ వారంలోనే భీమవరం, ఆకివీడు నుంచి ఇద్దరు స్టూడియో వాళ్ళు మా మేడ మెట్లెక్కారు. ఆయనే పంపారట.

ఆ రోజు తిరుగు బస్సులో రూత్ గారు నా నోట్‌బుక్కు లాక్కుని, రివ్యూ జాబితాకి పైన కొత్త వరస ఒకటి రాసి ఇచ్చారు. తర్వాత ఎన్ని ఆఫీసులు మారినా నేను దాంతోనే మొదలుపెడుతున్నాను. కోడు చదవకముందే, టెస్టులన్నీ పాసయ్యాయని సంబరంగా చెప్పేవాళ్ళని అడుగుతాను: ఇది ఫెయిలవ్వడం మీరు కళ్ళారా చూశారా? చూడలేదంటే, ముందు ప్రోగ్రాముని చెడగొట్టి, ఎర్ర గీత చూసి రమ్మంటాను.