లేకపోతే అక్కయ్య, ఆమె ఐసు ఫ్యాక్టరీ

జూన్ నెల పదకొండవ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది గాని చినుకు లేదు. గాలి స్తంభించి, చొక్కాలు వీపులకు అంటుకుపోయే ఉక్క. ఆ వేళ ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఇద్దరు డీజిల్ వర్తకులు ఎదురెదురు కుర్చీలలో, ముఖాలు చెరొక పక్కకు తిప్పుకొని కూర్చున్నారు. ఒకాయన దుకాణం ఊరికి ఉత్తరపు దారిలో ఉంది, రెండవ ఆయనది దక్షిణపు దారిలో. పదేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కి ఎరుగరు. తుఫానుల కాలం రాకముందే మాట్లాడాలని యజమానురాలు కబురంపితే, కాదనలేక వచ్చారు.

యజమానురాలికి యాభై మూడేళ్ళు. భర్త పోయిన నాటినుంచి, అంటే పద్నాలుగేళ్ళుగా, ఆ ఫ్యాక్టరీ ఆమె చేతిమీదుగానే నడుస్తున్నది. ఎవరు ఏ మాట ఇచ్చినా "లేకపోతే?" అని అడగనిదే ఆమె తల ఊపదు. సరుకు రేపు వస్తుందంటే, రాకపోతే ఏం చేస్తారో ఇవాళే చెప్పాలి. అందుచేత బజారంతా ఆమెకు లేకపోతే అక్కయ్య అని పేరు పెట్టింది. ఆ పేరు తనకు తెలిసినట్టు ఆమె ఎన్నడూ కనబడనీయలేదు. అయితే ఒకసారి ఎవరో కవరు మీద ఆ పేరే రాసి పంపగా, పోస్టుమాన్ తిన్నగా ఆమెకే తెచ్చి ఇచ్చాడు, ఆమె మారుమాట లేకుండా పుచ్చుకొన్నది.

ఫ్యాక్టరీ పెద్దదేమీ కాదు. లోపల చెక్క మూతలు పరిచిన ఉప్పునీటి తొట్టి. మూతల కింద వరుసగా రేకు డబ్బాలు. డబ్బాలలో గడ్డకడుతున్న మంచినీరు. కరెంటు పోతే జనరేటరు నడవాలి, జనరేటరుకు రోజుకు రెండు పీపాల డీజిల్ కావాలి. ఇద్దరు వర్తకులను, అందులోనూ ఒకరితో ఒకరికి పొత్తు లేని ఇద్దరిని, ఆమె ఏరికోరి పెట్టుకొన్నది. ఒకరు చెయ్యిచ్చినా ఇంకొకరు ఆదుకొంటారని ఆమె ధీమా.

కిందటి ఏటి తుఫానులో ఆ ధీమా రెండవ రోజుకే నీరుగారిపోయింది. ఆమె ఇద్దరికీ ఫోను చేసింది. "బయల్దేరిందమ్మా" అని ఇద్దరూ అన్నారు. ఏదీ రాలేదు. పిల్లల ఆసుపత్రిలో ఐసుపెట్టెలలో ఉంచిన మందులు పాడైపోతే పారబోయవలసివచ్చింది. మొన్న మే నెలలో ఆసుపత్రి స్టోరుకీపరు వచ్చి, నెమ్మదిగానే చెప్పిపోయాడు: "అక్కయ్యా, తుఫానొస్తే మూడు రోజులు, రోజుకి నలభై ఐసు దిమ్మలు. ఈ ఏడు కూడా తప్పిందంటే మేం ఇంకో చోటు చూసుకోవాల్సిందే." ఫ్యాక్టరీలో గడ్డకట్టే ఐసులో సగం ఆ ఆసుపత్రిదే. అది పోతే తలుపు మూయడమే, పదకొండు మంది పనివాళ్ళు ఇంటికి పోవడమే.

"పోయినేడు ఎందుకు రాలేదని నేనడగను," అన్నది అక్కయ్య. "సరుకు మీ దగ్గరుంది, నాకు తెలుసు. అది ఇక్కడికి ఎట్లా వస్తుందో చెప్పండి."

"ఎట్లా ఏముంది, ట్యాంకర్లో వస్తుంది," అన్నాడు ఉత్తరపు వర్తకుడు.

"ట్యాంకరు లేకపోతే?"

"ఎందుకుండదమ్మా? మీసాలాయన సొంత బండి. పిలిస్తే వస్తాడు."

దక్షిణపు వర్తకుడు అప్పుడు మొదటిసారిగా ముఖం ఇటు తిప్పాడు. "ఏ మీసాలాయన? కాలవ అవతల ఉంటాడు, ఆయనేనా? ఆయన తోలేది నాకు కదా."

"నీకేమిటయ్యా, పన్నెండేళ్ళుగా నాకు తోలుతుంటే."

ఆర్డర్ల పుస్తకం ముందు కూర్చున్న అక్కయ్య తోడికోడలు కలం కింద పెట్టింది. "బాగుందక్కా. పెళ్ళిపెద్దలిద్దరు, పెళ్ళికొడుకు మాత్రం ఒక్కడే."

అక్కయ్య కిటికీలోంచి ఆవరణ వైపు చూసి, "తప్పు నాదే," అన్నది. "సరుకు సంగతి మీ ఇద్దర్నీ వెయ్యిసార్లు అడిగాను. బండి సంగతి ఒక్కసారీ అడగలేదు."

మరునాటి ఉదయమే ఆమె కాలవ మీది పల్లపు వంతెన దాటి మీసాలాయన ఇంటికి వెళ్ళింది. గోడమీద కిందటి ఏటి నీటిచార కిటికీ ఎత్తున ఇంకా చెరగకుండా ఉన్నది. అదొక్కటి చూడగానే ఆమెకు సగం సంగతి బోధపడింది.

"ఆ రోజు రాలేదేం అన్నయ్యా?"

"ఎట్లా వచ్చేదమ్మా? ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అమ్మ నడవలేదు. అటక మీదికి ఎక్కించి, నేనూ నా భార్యా కిందే నిలబడ్డాం."

"ఎక్కించడం కాదు, సర్దాడు," అన్నది లోపలి మంచం మీదినుంచి ముసలావిడ. "పాత బిందెల మధ్య నన్నో బిందెలాగా."

అక్కయ్య పీట లాక్కొని ఆ మంచం పక్కనే కూర్చొని తన ఏర్పాటు చెప్పింది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే ముగ్గురూ ఫ్యాక్టరీ ఆఫీసు పక్కనున్న మేడమీది గదికి రావాలి. వచ్చేటప్పుడు ట్యాంకరు నిండుగా రావాలి. దాన్ని ఆవరణ చివర, మనుషులకు దూరంగా నిలపాలి. నిలిపిన రోజులకు బాడుగ ఆమె ఇస్తుంది.

"హెచ్చరికొచ్చి, తుఫాను రాకపోతే?" అన్నాడు మీసాలాయన.

"అమ్మగారు నాలుగు రోజులు మేడమీద గాలి పోసుకొని వస్తారు."

"మెట్లెన్ని?" అన్నది ముసలావిడ.

"పద్నాలుగు. మా వాళ్ళు కుర్చీలో మోస్తారు."

"కుర్చీకి చేతులున్నాయా? లేకపోతే?"

తన మాట తనకే ఎదురుతగలడం అక్కయ్యకు ఆ వయసులో అదే మొదటిసారి. చేతులున్న కుర్చీ కొంటానని ఒప్పుకొన్నది.

మీసాలాయనకే జ్వరం వస్తే? దానికీ ఏర్పాటు కావలసివచ్చింది. దక్షిణపు వర్తకుడి బావమరిది ఆ ట్యాంకరు తోలడం నేర్చుకొన్నాడు. ఎవరి దగ్గర ముందు సరుకు ఉంటే వారే నింపాలని వర్తకులిద్దరూ, నేలచూపులు చూస్తూనే, ఒప్పందానికి వచ్చారు. జూలైలో ఒక వాననాడు అందరూ కలిసి నిజంగా తుఫాను వచ్చినట్టే చేసి చూశారు. ట్యాంకరు గంటా యాభై నిమిషాలలో వచ్చింది. కుర్చీ పద్నాలుగు మెట్లూ ఎక్కింది. తీరా చూస్తే, ఆవరణ చివరనుంచి జనరేటరుకు రబ్బరు గొట్టం నాలుగు బారలు తక్కువయింది. అక్కయ్య ముఖం విప్పారింది. ఆ నాలుగు బారల లోటు అక్టోబరులో కాక జూలైలో బయటపడినందుకు. సాయంత్రానికల్లా కొత్త గొట్టం వచ్చింది.

అక్టోబరు ఇరవై ఒకటిన హెచ్చరిక వచ్చింది. చీకటి పడకముందే ట్యాంకరు ఆవరణలో ఉన్నది, ముసలావిడ మేడమీద ఉన్నది. ఇరవై రెండున పగలు పదకొండు గంటల నలభైకి కరెంటు పోయింది. మధ్యాహ్నానికి పల్లపు వంతెన మునిగింది. ఆ తరువాత ఫోన్లు మూగబోయాయి. జనరేటరు మాత్రం ఆగలేదు. గాలికి ఆఫీసు పైకప్పు రేకులు రెండు ఎగిరిపోగా ఆర్డర్ల పుస్తకం తడిసి ముద్దయింది. తోడికోడలు తిట్టిన తిట్లు ఆ హోరులో ఎవరికీ వినబడలేదు.

మూడవ రోజున కూడా రంపపుపొట్టు కప్పిన దిమ్మలు తోపుడుబండ్ల మీద ఆసుపత్రి గుమ్మానికి చేరాయి. స్టోరుకీపరు తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టుకొన్నాడు.

"నలభై ఒకటున్నాయి అక్కయ్యా. మూడు రోజులుగా చూస్తున్నా, ఒకటి ఎక్కువే తెస్తున్నారు."

"దారిలో ఒకటి పగిలితే?" అన్నది ఆమె.

ఆసుపత్రి ఆ ఏడూ, ఆ తరువాతా వేరే చోటు చూసుకోలేదు. వర్తకులిద్దరూ ఇప్పుడు మాట్లాడుకొంటారు, ట్యాంకరు సంగతి మాత్రమే. దక్షిణపు వర్తకుడి బావమరిది రెండేళ్ళకు సొంతంగా రెండవ ట్యాంకరు కొన్నాడు. మీసాలాయన ఇంటి అరుగు రెండడుగులు లేచింది. ఆయన తల్లి ఆ తుఫానుకు నాలుగు రోజులకని వచ్చి తొమ్మిది రోజులు ఉండి వెళ్ళింది. మరి మూడు తుఫానులకు అదే కుర్చీలో మేడ ఎక్కి, ఎనభై ఆరవ ఏట తన మంచం మీదనే కన్నుమూసింది. అక్కయ్య అరవై ఒకటవ ఏట ఆఫీసు తాళంచెవులు తోడికోడలికి అప్పగించింది. రెండవ జత తన దగ్గరే ఉంచుకొన్నది.