పడవలో ఒక చోటు

రావులపాలెంలో లారీ దిగేసరికి ఉదయం ఐదూ నలభై. వాన. నలభై మంది జవాన్లం, ఆరు రబ్బరు పడవలు, నాలుగు మోటార్లు. నాలుగూ పనిచేస్తాయని కాగితం మీద ఉంది. పనిచేసినవి మూడు. అరటి మార్కెట్ షెడ్డులో బస. మూడేళ్ళు మంచులో కాపలా కాయించి, తీరా యుద్ధానికి నన్ను మా జిల్లాకే పంపారు. శత్రువు గోదావరి. మాది మలికిపురం. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఏడ్చేవాళ్ళని హిందీలోకి మార్చే పని నాది.

ఆర్డరు: కొత్తపేట అవతల ఒక లంకలో చిక్కుకున్న వాళ్ళని ఏటిగట్టుకి చేర్చాలి. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా. పడవకి తొమ్మిది మంది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, మహా వేగంగా ఉన్నాయి. కింద కంచెలు, కొబ్బరి మొద్దులు, తెగిన కరెంటు తీగలు. దారి తెలిసిన మనిషి లేకుండా మోటారు వెయ్యొద్దన్నారు మా హవల్దారు.

రెండో రోజు ఆ మనిషి తనంతట తనే వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. ఎవరిదో వదులు చొక్కా, మెడ దాకా గుండీలు పెట్టుకున్నారు. ఆ లంకలో నావ నడిపేవారు. పడవ ముందు కూర్చుని చెయ్యి ఎటు చూపిస్తే మేం అటు వెళ్ళేవాళ్ళం. రెండు రోజుల్లో పదకొండు ట్రిప్పులు. ఒక్క తీగ తగల్లేదు.

ఒకటే ఇబ్బంది. తన పక్కన ఒక మనిషి పట్టే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. ఎవరైనా కూర్చోబోతే "అక్కడొద్దండి, ఇటు రండి" అనేవారు. ప్రతి ట్రిప్పులో ఒకరు ఒడ్డునే మిగిలిపోయేవారు. మూడో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను.

"ఎవరికి బాబాయ్ గారూ, రిజర్వేషనా?"

పడవంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "ఆయ్" అన్నారు. మావైపు అవునండి అనడం అదే.

జోకు పేలిందని ఆ పూటంతా నాలో నేనే మురిసిపోయాను.

నాలుగో రోజు మొదటి ట్రిప్పులో ఆయన లంకకి వచ్చారు. తొమ్మిదిన్నరకి తిరిగి పడవెక్కలేదు. లంక మొత్తానికి మునగనిది స్కూలొక్కటే. దాని మెట్ల మీద కూర్చున్నారు. లైఫ్ జాకెట్ విప్పి, నీటుగా మడత పెట్టి పక్కన పెట్టుకున్నారు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బానే ఉన్నానన్నారు. నేను టిఫిన్ చేశానా లేదా అని కనుక్కున్నారు.

స్కూల్లో జనాన్ని చూసుకుంటున్న ఆశా కార్యకర్త నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. మేం రావడానికి ముందురోజు ఆయనే తన నావలో ఊరివాళ్ళని దాటించారు. నావ నడిపేవాడి ఇంటివాళ్ళు చివర ఎక్కడం మావైపు మర్యాద. భార్య మూడు ట్రిప్పులు అందరినీ ఎక్కించి, తను ఆగింది. నాలుగో ట్రిప్పుకి ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, ఆవిడ లేదు. ఇప్పటికీ దొరకలేదు. ఆయన నిద్రపోయి నాలుగు రాత్రులు.

"పొద్దున్న ఇంటి తాళం చెవి నా చేతిలో పెట్టేరండి. వాళ్ళ చెల్లికి ఇమ్మన్నారు. ఇల్లే లేదు కదండి. నాకు భయంగా ఉంది."

బేస్‌కి రేడియో కలిపాను. కెప్టెన్ పలికారు.

"గాయం ఎక్కడ?"

"పైకి కనపడదు సర్."

"మరి అర్జెంటు ఏమిటి?"

నోరున్నవాణ్ణని పేరు. అది తెరిచేలోపే హవల్దారు సెట్టు లాక్కున్నారు. "మన జవానైతే ఈపాటికి తుపాకీ తీసేసి, పక్కన మనిషిని పెట్టేవాళ్ళం సర్. ఇక్కడ తీసెయ్యడానికి తుపాకీ లేదు. గోదావరి ఉంది."

ఆయన్ని పడవలో తీసుకెళ్ళమన్నారు కెప్టెన్.

ఈలోగా ఆశా కార్యకర్త మేడెక్కి, సిగ్నల్ వెతుక్కుని ఆరోగ్య కేంద్రం డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. నీళ్ళకి దూరంగా ఉంచండి. చావాలనుందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అమలాపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలు ఉన్నారు, గట్టు మీదికి అంబులెన్సు పంపుతాను. డాక్టరు చెప్పింది ఇదీ.

నీళ్ళకి దూరంగా. నాలుగు వైపులా నీళ్ళే. నోటిదాకా జోకు వచ్చింది. మింగేశాను. వెళ్ళి మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా బాబాయ్ గారూ?"

నిన్న నా జోకుకి ఏమన్నారో అదే అన్నారు.

"ఆయ్."

అమలాపురంలో డాక్టరమ్మ ఉన్నారు, వెళ్దాం, నేనూ వస్తానన్నాను. మడత పెట్టిన జాకెట్ ఒళ్ళోకి తీసుకున్నారు.

"మీకు దారి తెలీదు కదండి" అన్నారు.

నిజమే. ఆయన్ని బతికించే చోటికి దారి ఆయనకొక్కరికే తెలుసు. జాకెట్ తొడుక్కున్నారు. పదీ యాభైకి కదిలాం. వెనక కూర్చుని ఆయన జాకెట్ పట్టీ రెండు చేతులా పట్టుకున్నాను. నలభై నిమిషాలు. రెండుసార్లు సుడుల వైపు అలా చూస్తూ ఉండిపోయారు. నా వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయన చెయ్యి మాత్రం ఒక్కసారీ తప్పు చూపించలేదు. తనకి బతకాలని లేదు. మమ్మల్ని ముంచడం మర్యాద కాదు.

ఆ చోటు అలాగే ఖాళీగా వచ్చింది.

గట్టు దగ్గర పక్కకి ఒదిగారు. "ముందు మీరు దిగండి."

మావైపు ఎవరూ చెయ్యని పని చేశాను. పెద్దాయన మాటకి అడ్డం చెప్పాను. "లేదండి. ముందు మీరే."

నా మొహంలోకి చూశారు. దిగారు. గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చారు. అంబులెన్సు ఎక్కేదాకా పట్టీ వదల్లేదు నేను. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సాయంత్రానికి చెల్లెలు వచ్చింది.

ఎనిమిదో రోజు ఉదయం ఆరింటికి మాకు తిరుగు ఆర్డరు. అప్పటికీ ఆయన భార్య దొరకలేదు.

ఇప్పుడు నేను సైన్యంలో లేను. ఊళ్ళో అందరూ మంచు కబుర్లు అడుగుతారు. చెబుతాను, నవ్విస్తాను. పోయిన నెల మామిడికుదురులో ఆ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆయన అక్కడే ఉంటున్నారు. మాత్రలు వేసుకుంటున్నారు, నిద్ర పడుతోంది. నావ జోలికి వెళ్ళరు. ఆయన చొక్కా ఇప్పుడు సరిగ్గా ఆయన కొలతే. దాని మీద ఏదో జోకు వేశాను, అలవాటు చొప్పున. నవ్వారు.

నిజంగా నవ్వొచ్చిందా అని అడిగాను. ఆ రోజు అడగాల్సింది.

"మీరు పనిగట్టుకుని ఇంత దూరం వచ్చేరు కదండి" అన్నారు.

కూర్చోమన్నారు. అరుగు మీద బల్ల చివరికి ఒదిగి కూర్చుని ఉన్నారాయన. పక్కన ఒక మనిషి పట్టే చోటు ఉంది.

నేను కింద కూర్చున్నాను.